శుక్రుడి మబ్బుల వేడి



మూఢం వచ్చిందంటే మన జిల్లాలో ముందుగా బోసిపోయేవి కళ్యాణ మండపాలు. గుడివాడలో షామియానా సామాను షెడ్డులోకి వెళ్లిపోతుంది, వంటమేస్త్రి సెల్‌ఫోను మోగదు, బ్యాండు మేళం వాళ్లు వేరే పని చూసుకుంటారు. మూఢాల్లో గురుమూఢం ఉంది, శుక్రమూఢం ఉంది. నేను మాట్లాడబోయేది శుక్రమూఢం గురించి. మంచిచెడ్డలు పంతులుగారికి వదిలేద్దాం. అందులో ఖగోళం ఎంత ఉందో అంతవరకే చూద్దాం.

శుక్రుడు మనకంటే లోపలి దారిలో సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాడు. 584 రోజులకోసారి సూర్యుడికి అవతలి పక్కకు పోతాడు, మరోసారి మనకూ సూర్యుడికీ మధ్యకు వస్తాడు. రెండుసార్లూ సూర్యకాంతిలో కలిసిపోయి కంటికి ఆనడు. అదే మూఢం. అవతలికి పోయినప్పుడు నిదానంగా జరిగినట్టుంటాడు కాబట్టి మూఢం రెండు నెలలు దాటిపోతుంది. మధ్యకు వచ్చినప్పుడు మనకు బాగా దగ్గరగా, చకచకా దాటేస్తాడు. ఆ చిన్న మూఢం వారం పది రోజుల్లో తీరిపోతుంది. సాయంత్రం పడమట కనిపించినవాడు తెల్లవారుజామున వేగుచుక్కగా తూర్పున తేలతాడు.

ఆ చిన్న మూఢంలో శుక్రుడి వెలుగు ముఖం సూర్యుడి వైపు ఉంటుంది, చీకటి ముఖం మన వైపు ఉంటుంది. పెళ్లిళ్లకు పనికిరాని ఆ రోజులకు అటూ ఇటూ ఉన్న కొన్ని వారాలే, శుక్రుడి వేడిని చూసేవాళ్లకు అసలైన ముహూర్తం. ఎందుకో చెప్పాలంటే ముందు వేడిని చూడటమంటే ఏమిటో చెప్పుకోవాలి.

వేడిని చూసే బొమ్మలు మనకు కొత్త కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే టీవీలో ఒక నలుపు తెలుపు బొమ్మ వేస్తారు, సముద్రం మీద తెల్లటి సుడితో. అర్ధరాత్రి తీసిన బొమ్మలోనూ మబ్బులు అంతే తెల్లగా ఉంటాయి. రాత్రిపూట ఎండ లేదు కదా, మబ్బు తెల్లగా ఎలా కనిపించిందని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఆ బొమ్మ వెలుగుతో తీసింది కాదు. మబ్బు తనంతట తాను విడిచే వేడితో తీసింది. లోకంలో ప్రతి వస్తువూ తన వేడినిబట్టి కంటికి కనిపించని కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. వాటిని పరారుణ కిరణాలంటాం. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మన ఇన్‌శాట్ ఉపగ్రహం వాటిని పట్టుకుంటుంది. సముద్రం వెచ్చన, కాబట్టి దాని నుంచి ఎక్కువ వస్తాయి. ఎత్తున ఉన్న మబ్బు నెత్తి చల్లన, దాని నుంచి తక్కువ వస్తాయి. లెక్క ప్రకారం ఎక్కువ వచ్చినచోట తెల్లగా ఉండాలి. కానీ మబ్బు నల్లగా ఉంటే మన కంటికి ఎబ్బెట్టుగా ఉంటుందని బొమ్మను తిరగేసి వేస్తారు. అందుకే అందులో ఎంత తెలుపైతే అంత చల్లన, ఎంత చల్లనైతే అంత ఎత్తు. పెద్ద తుపాను మబ్బు నెత్తిమీద సున్నాకు దిగువ 70, 80 డిగ్రీలు కూడా ఉంటుంది.

1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచిన నాటికి మన దేశానికి ఇలా పైనుంచి నిలిచి చూసే సొంత ఉపగ్రహం లేదు. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1982లో వెళ్లిన ఇన్‌శాట్-1ఏ కొద్ది నెలలకే మూగబోయింది. 1983లో వెళ్లిన ఇన్‌శాట్-1బీ పనిలోకి దిగాకే మన తుపానులను మన కన్నుతో రాత్రీ పగలూ చూడటం మొదలైంది. అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఆనాటి సంగతి తెలిసిన పెద్దవాళ్లకు ఆ తెల్లటి సుడి బొమ్మ విలువేమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇదే పని ఇంట్లోనూ చేసి చూడొచ్చు. కోవిడ్ రోజుల్లో దుకాణాల ముందు నుదుటి మీద గురిపెట్టిన టెంపరేచర్ గన్ గుర్తుందిగా? అలాంటిదే, వర్క్‌షాపుల్లో వాడే రకం ఒకటి నా దగ్గరుంది. అది కూడా పరారుణ కిరణాలనే కొలుస్తుంది, తాకాల్సిన పని లేదు. ఒక సాయంత్రం గుడివాడలో మా డాబా మీద నిలబడి గన్ను తలమీదికి తిప్పాను. ఆకాశం నిర్మలంగా ఉన్నచోట అంకె జరజరా పడిపోయి సున్నా దాపుల్లో ఊగిసలాడింది. చెమటలు కారుతున్న గుడివాడలో సున్నా ఏమిటి? అది పైనున్న పొడిగాలి, చలిగాలి తాలూకు కబురు. గాలిలో తేమ ఉండబట్టి ఆ మాత్రమైనా ఉంది, ఎడారిలో అయితే ఇంకా దిగువకు పోతుంది. తక్కువ ఎత్తున పోతున్న ఒక బూడిద రంగు మబ్బు మీదికి తిప్పగానే అంకె ఇరవైకి దగ్గరగా వచ్చింది. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోతగా, ఆకాశం తేటగా ఉన్న ధనుర్మాసపు రాత్రి గడ్డి మీద మంచు కురిసి ఎందుకుంటుందో ఆ రెండు అంకెల తేడాలోనే ఉంది.

అక్కడే ఒక చిక్కు కూడా ఉంది. గన్ను చూపించిన అంకె దేని వేడి? నేను గురిపెట్టింది ఆకాశానికి, కానీ కిరణాలు ఏ ఎత్తు నుంచి వచ్చాయో ఆ ఎత్తు వేడే గన్నుకు తెలుస్తుంది. దాని వెనక ఏముందో, కింద ఏముందో దానికి తెలియదు. శుక్రుడి విషయంలో శాస్త్రవేత్తలు దాదాపు నలభై ఏళ్లపాటు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తిరిగారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే రుచిగల భాగం అదే.

1920లలో అమెరికాలో మౌంట్ విల్సన్ కొండమీద వంద అంగుళాల దూరదర్శిని ఉండేది. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. ఎడిసన్ పెటిట్, సేత్ నికల్సన్ అనే ఇద్దరు దానితో శుక్రుడి వేడిని కొలిచారు. రెండు వేరు వేరు లోహాల సన్నటి తీగలను అతికిస్తే, ఆ అతుకు వేడెక్కినప్పుడు కొద్దిపాటి కరెంటు పుడుతుంది. దూరదర్శిని పట్టుకొచ్చిన శుక్రబింబాన్ని ఆ అతుకు మీద పడనిచ్చి కరెంటు చూస్తారు. కానీ శుక్రుడి నుంచి వచ్చేది రెండు సరుకుల కలగలుపు. ఒకటి తిరిగొచ్చిన సూర్యకాంతి, రెండోది శుక్రుడి సొంత వేడి. విడదీయడం ఎలా? వాళ్లు దారికి అడ్డంగా పలచటి నీటి తొట్టి ఒకటి పెట్టారు. నీరు వెలుగును పోనిస్తుంది, వేడి కిరణాలను మింగేస్తుంది. తొట్టి పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిస్తే ఆ తేడాయే శుక్రుడి సొంత వేడి. ఇంత తేలికైన ఎత్తుగడ చూసినప్పుడు నాకు ముచ్చటేస్తుంది.

వచ్చిన జవాబు మాత్రం ఎవరూ ఊహించనిది. శుక్రుడు పగటి వైపు సున్నాకు దిగువ 38 డిగ్రీలు, రాత్రి వైపు దిగువ 33, దాదాపుగా. సూర్యుడికి మనకంటే దగ్గరగా ఉన్న గ్రహం మంచుగడ్డ కంటే చల్లన! పైగా చీకటి వైపు, వెలుగు వైపు ఇంచుమించు ఒకటే. అప్పట్లో శుక్రుడి నేల మీద చిత్తడి అడవులున్నాయనీ, సముద్రాలున్నాయనీ ఊహించి రాసినవాళ్లు తక్కువేం కాదు. ఈ కొలత ఆ ఊహలను గట్టిగా కాదనలేదు, ఔననలేదు. అది మబ్బు పైభాగపు వేడి మాత్రమే, కింద ఏదైనా ఉండొచ్చు.

ఇటుక బట్టీ పక్కన నిలబడ్డవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. పైన మట్టి మెత్తిన గోడమీద చెయ్యి ఆనించగలిగినంత మాత్రాన లోపల ఇటుక ఎర్రగా కాలడం లేదని అనలేం.

1956లో కార్నెల్ మేయర్, ఆయన సహచరులు వాషింగ్టన్‌లోని యాభై అడుగుల రేడియో యాంటెనాను శుక్రుడి వైపు తిప్పారు. వాళ్లు పట్టుకున్నవి మూడు సెంటీమీటర్ల పొడవున్న తరంగాలు. అవి మబ్బులను లెక్కచేయవు, తూర్పారబట్టిన గాలిలో పొట్టులా మబ్బు తేలిపోతుంది వాటి ముందు. లెక్క చూస్తే 300 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో తేలింది. ఒకే గ్రహం, ఒక కొలతలో గడ్డకట్టే చలి, మరో కొలతలో సీసం కరిగే ఎండ. ఆ రేడియో తరంగాలు నేల నుంచి వచ్చినవి కావు, పై వాతావరణంలోని విద్యుత్కణాలవి అని వాదించినవాళ్లు లేకపోలేదు.

తగువు తీర్చడానికి అమెరికా నౌక మెరైనర్-2 వెళ్లింది. 1962 డిసెంబర్ 14న శుక్రుడి పక్కనుంచి పోతూ బింబాన్ని ఒక అంచు నుంచి మరో అంచుకు తడిమి చూసింది. అంచు దగ్గర మన చూపు వాలుగా పోతుంది కాబట్టి ఎక్కువ గాలిపొర అడ్డం వస్తుంది. వేడి నేలదైతే అంచులు మసకబారాలి, పై పొరదైతే అంచులే ఎక్కువ మెరవాలి. అంచులు మసకబారాయి. వేడి నేలదే. 1970 డిసెంబర్ 15న సోవియట్ నౌక వెనెరా-7 నేల మీద దిగి 475 డిగ్రీల దాకా ఉందని కబురు పంపింది, 23 నిమిషాలు మాట్లాడి ఆగిపోయింది. ఇప్పుడు పుస్తకాల్లో సగటున 464 అని వేస్తున్నారు. గాలి బరువు మన గాలికి తొంభై రెట్లు.

కారణం మీకు తెలిసే ఉంటుంది. శుక్రుడి గాలి దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువు. ఆ సంగతి 1932లోనే మౌంట్ విల్సన్ మీదే వాల్టర్ ఆడమ్స్, థియొడోర్ డన్‌హమ్ కాంతిని విడదీసి పట్టుకున్నారు. దానిమీద 48 కిలోమీటర్ల ఎత్తు మొదలు 70 దాకా గంధకామ్లపు మబ్బులు. ఈ మబ్బులు ఎండలో ముప్పాతిక వంతును తిప్పికొడతాయి. మనకంటే దాదాపు రెట్టింపు ఎండ తగిలే ఆ గ్రహం, తిప్పికొట్టగా లోపలికి తీసుకునేది మన భూమి తీసుకునే దానికంటే తక్కువ. తీసుకున్నంతే బయటికి విడుస్తుంది కాబట్టి దూరం నుంచి వేడి కొలిచేవాడికి శుక్రుడు భూమి కంటే చల్లగా కనిపిస్తాడు. తీసుకున్న ఆ కొంచెమే బయటికి పోవడానికి దారి దొరక్క నేల కుంపటైంది. ఇంకో తమాషా: బందరు మీదికి వచ్చే తుపాను మబ్బు నెత్తి, శుక్రుడి మబ్బు నెత్తి కంటే ముప్పై డిగ్రీలకు పైగా చల్లన.

బందరు పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ దిగాడు. బందరులో మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ దిగాడు. పాగ్సన్ సూర్యుడి అంచు జ్వాలల కాంతిని పట్టకంతో విడదీసి అందులో ఒక పసుపు గీత చూశాడు. అది హీలియం గీత. ఆ వాయువును భూమ్మీద పట్టుకోవడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. కాంతినైనా వేడినైనా విడదీసి చదివితే దూరాన ఉన్నది ఏమిటో తెలుస్తుందన్న విద్య మన బందరు రేవులో అంత తొలినాళ్లలోనే జరిగింది. శుక్రుడి సంగతికొస్తే మన పెద్దాయన విశాఖపట్నంలో ఉన్నాడు. గొడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో కట్టుకున్న సొంత నక్షత్రశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపాడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా నడిచిపోతుంటే ఆరంగుళాల దూరదర్శినితో చూసి లెక్కలు లండన్‌కు పంపాడు. చిన్న మూఢం సరిగ్గా గురికి కుదిరితే అలాంటి సంక్రమణం జరుగుతుంది. 2004లో, 2012లో మనమూ నల్లద్దాల్లోంచి చూశాం. మళ్లీ 2117లో.

ఇప్పుడు ఆ ముహూర్తం సంగతి. బొగ్గుపులుసు వాయువు పరారుణ కిరణాలను మింగేస్తుంది, నేల వేడికి దారి దొరకనిది అందుకే. కానీ అన్నిటినీ కాదు. 1.7 మైక్రాన్ల దగ్గర, 2.3 మైక్రాన్ల దగ్గర దానికి సందులున్నాయి. ఆ సందుల్లోంచి మబ్బు కిందున్న కుంపటి వేడి సన్నగా బయటికి కారుతుంది. 1983లో డేవిడ్ అలెన్, జాన్ క్రాఫోర్డ్ ఆస్ట్రేలియాలోని దూరదర్శినితో శుక్రుడి చీకటి వైపును ఈ కిరణాల్లో చూసి దాన్ని పట్టుకున్నారు. మబ్బు పలచగా ఉన్నచోట వెలుగు, దట్టంగా ఉన్నచోట నీడ. పగటి వైపు ఎండ ఎదురుకొడితే ఇది కనిపించదు, చీకటి ముఖం మన వైపు తిరగాలి. అంటే శుక్రుడు సన్నటి నెలవంకగా ఉన్న రోజులు, చిన్న మూఢానికి ముందు కొన్నాళ్లు, వెనక కొన్నాళ్లు. సూర్యుడికి దగ్గరగా ఉంటాడు కాబట్టి సందెవేళ, వేకువన కాస్తంత సమయమే దొరుకుతుంది. ఆ గంటలో పని ముగించుకోవాలి.

దగ్గరికి పోయి చూడటం వేరు. జపాన్ వాళ్ల అకాట్సుకి నౌక 2010 డిసెంబర్ 7న శుక్రుడిని చేరింది గానీ పెద్ద ఇంజను మొరాయించి దాటిపోయింది. అయిదేళ్లు సూర్యుడి చుట్టూ తిరిగి, సరిగ్గా 2015 డిసెంబర్ 7న నౌకను అటూ ఇటూ తిప్పడానికి పెట్టిన చిన్న చిన్న ఇంజన్లను ఇరవై నిమిషాలు మండించి కక్ష్యలోకి దిగింది. దాని మీదున్న కెమెరాల్లో ఒకటి, ఇన్‌శాట్ మన తుపాను మబ్బులను చూసే కిరణాల వరుసలోనే, 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య, మబ్బు పైభాగపు వేడిని చూసేది. 65 కిలోమీటర్ల ఎత్తు వేడి దానికి తెలుస్తుంది.

తెరిచిన మొదటి రోజుల్లోనే ఒక వింత కనిపించింది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా పదివేల కిలోమీటర్ల పొడవున విల్లులా వంగిన ఒక గీత. ఒక పక్క కొద్దిగా వెచ్చన, పక్కనే కొద్దిగా చల్లన. శుక్రుడి మబ్బులు గంటకు 360 కిలోమీటర్ల వేగంతో, నాలుగు రోజులకో చుట్టు చొప్పున గ్రహాన్ని తిరుగుతుంటాయి. కింది నేల మాత్రం ఒకసారి తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటుంది. అంత గాలిలోనూ ఆ విల్లు కదల్లేదు. నాలుగైదు రోజులు కింది నేలకు అంటుకుపోయినట్టు అక్కడే ఉంది. దాని కింద చూస్తే ఆఫ్రొడైట్ అనే ఎత్తైన కొండ నేల. కృష్ణ కాలవలో రాయి మీదుగా నీరు పోయేటప్పుడు పైన ఒకేచోట అలలు నిలుస్తాయే, అలా నేల దగ్గర గాలి కొండను రాసుకొని పైకి పంపిన అల మబ్బు నెత్తిదాకా చేరింది. 2017లో ఈ సంగతి అచ్చయింది. నేలను చూడనివ్వని మబ్బు, తన నెత్తిమీది వేడిలో కింది కొండ గుర్తు చూపించింది.

అకాట్సుకి శాస్త్రవేత్తలు ఇంకో పని చేశారు. రాత్రి వైపు మబ్బు నెత్తిమీద గాలి ఎటు వీస్తోందో ఎవరికీ తెలిసేది కాదు. ఎండ లేదు, మామూలు కెమెరాకు ఆనదు. వేడి కెమెరా బొమ్మలో చిన్న మచ్చలు కెమెరా సొంత గోలలో మునిగిపోయేవి. వాళ్లు గాలి ఎంత వేగంతో మోసుకుపోతుందో అంత మేర ఒక్కో బొమ్మను జరిపి, ఎన్నో బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చారు. గోల తగ్గి మచ్చలు తేలాయి. పగటి వైపు గాలి ధ్రువాల వైపు జరుగుతోంది, రాత్రి వైపు తిరిగి భూమధ్యరేఖ లాంటి శుక్రుడి నడిగీత వైపు వస్తోంది. 2021లో ప్రచురించారు.

2024 ఏప్రిల్ చివర్లో అకాట్సుకి నుంచి కబుర్లు ఆగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో మన కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలతో శుక్ర యాత్రకు అనుమతి ఇచ్చింది. 2028 మార్చిలో శ్రీహరికోట నుంచి పంపాలని నిర్ణయం. ఇస్రో ప్రకటించిన పరికరాల్లో రాడార్‌తో పాటు మబ్బుల వేడిని చూసే థర్మల్ కెమెరా కూడా ఉంది. మచిలీపట్నం డాప్లర్ రాడార్ సంగతి తెలిసినవాళ్లకు ఈ జంట కొత్తగా అనిపించదు. రాడార్ తన తరంగాన్ని తానే పంపి తిరిగొచ్చినది వింటుంది, వేడి కెమెరా ఏదీ పంపకుండా వచ్చినది మాత్రమే పుచ్చుకుంటుంది. తుపానుకు రెండూ కావాలి, శుక్రుడికీ రెండూ కావాలి.

ఆ కెమెరాకు పని సిద్ధంగానే ఉంది. ఆ విల్లు గీతలు కొండల మీదే వస్తాయి గానీ ఎప్పుడంటే అప్పుడు రావు. అక్కడి మధ్యాహ్నం దాటాక, సాయంత్రం లోపల ఎక్కువగా కనిపిస్తాయి. శుక్రుడి మీద పొద్దు పొడుపు నుంచి పొద్దు పొడుపుకు మన లెక్కలో 117 రోజులు కాబట్టి ఒక్క మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకానే దాదాపు నెల రోజులు. నేల దగ్గర ఎండకు గాలి కదలడంలో రోజువారీ మార్పు ఉందా, అంత దట్టమైన గాలి అడుగున అది ఎలా సాధ్యం? ఒకే కొండను ఏళ్లపాటు, పగలూ రాత్రీ, వేడిలో చూస్తే తప్ప ఇది తేలదు. ఇప్పటికైతే శుక్రుడి చుట్టూ తిరుగుతూ పనిచేస్తున్న నౌక ఒక్కటీ లేదు.